చింతపండు పెట్టి తోమిన రూపాయి

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో ఏది నల్లగా కనిపించినా ముందు తోమేసేవాళ్ళం, అదేమిటో తర్వాత ఆలోచించేవాళ్ళం. మా తప్పేం లేదు. ఆరేసిన బట్టల మీద, మూతపెట్టిన బిందె మీద, చివరికి దేవుడి పటం మీద కూడా బొగ్గు నుసి పడేది. చేతిలో పీచు, పక్కన చింతపండు లేకుండా మా అమ్మను చూసిన గుర్తే లేదు నాకు. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు, డిగ్రీ రెండో ఏట, పాత నాణేలు పోగేసే పిచ్చి పట్టింది. తెలంగాణ ఇంకా రాలేదు, వస్తుందని మాత్రం అందరూ చెప్పుకునేవాళ్ళు.

నా పిచ్చి చూసి అవ్వ (మా బాపును కన్నతల్లి) ట్రంకుపెట్టె అడుగునుంచి చిన్న గుడ్డమూట తీసింది. అందులో నిజాం కాలపు వెండి రూపాయలు రెండున్నాయి, చార్మినార్ బొమ్మతో. రెండూ కారునలుపు. "మా అవ్వ ఇచ్చింది నాకు. నాకు ఆడివిల్ల లేకపాయె, నువ్వే దాసుకో బిడ్డా" అంది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ ప్రేమకు బదులు తీర్చుకోవాలనిపించి, తిన్నగా పంపు దగ్గరికి వెళ్ళి ఒక రూపాయిని చింతపండు, ఇటుకపొడి పెట్టి అరగంట తోమాను. తళతళలాడింది. రెండోదాన్ని కూడా తోమేదాన్నే, చింతపండు అయిపోయి ఆగాను. (ఆ పూట అమ్మ చారు పెట్టలేకపోయింది. నన్ను తిట్టింది కూడా.)

మంచిర్యాలలో రిటైరైన టీచరు ఒకాయన ఉండేవారు. నాణేలు సేకరించేవాళ్ళంతా నెలకోసారి ఆయన ఇంట్లో కలిసేవారు. జేబులో ఎప్పుడూ భూతద్దం ఉండేది కాబట్టి అందరికీ ఆయన భూతద్దం సారు. నా మెరిసే రూపాయిని గర్వంగా ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టారు.

"ఎవరు తోమిండ్రు బిడ్డా దీన్ని?"

"నేనే సార్. బొగ్గు పట్టి ఉండె."

"అది బొగ్గు గాదు. వెండి మీద యేండ్లకేండ్లు పట్టిన పొర. దాన్ని జూసే నాణెం మంచిదా కాదా చెప్తం. నువ్వు తోలు ఒలిచినట్టు ఒలిచినవ్."

పక్కనున్న బ్యాంకు ఉద్యోగి నవ్వాడు. "ఖనోళ్ళకు నలుపు కనవడ్తె చేతులు ఊకోవు సార్." అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాతి నెలలో ఒక స్కూలు హాల్లో ప్రదర్శన ఉంది. అవ్వ నాణేన్ని అక్కడ నా పేరుతో పెట్టాలని నా కల. రెండో రూపాయి, ఆ నల్లది, బయటికి తీసి అడిగాను. సారు దాన్ని భూతద్దం కింద పెట్టి అంచుల దాకా చూశారు. "ఇది వెట్టొచ్చు. కాని చూసుడు రానోళ్ళకు నేను అక్కడ అద్దాల పెట్టె ఇయ్య. ముందు రోజు రా, పది నాణేలు ముందట వెడ్త. ఏది తోమింది, ఏది తోమంది చెప్పాలె. ఒక్కటి తప్పినా వచ్చే యేడే" అన్నారు.

ఇక చూడండి నా అవస్థ. రెండు రూపాయలూ ట్యూబులైటు కింద పెట్టుకుని, కళ్ళు చికిలించి రోజూ గంటలకొద్దీ చూసేదాన్ని. ఒకటి తెలుపు, ఒకటి నలుపు అని తప్ప ఏమీ తెలిసేది కాదు. అది పసిపిల్లలకూ తెలుస్తుంది. తోమి చాలా ఏళ్ళయి మళ్ళీ మసకబారిన నాణెం వస్తే ఏం చెప్పను? అన్నం సయించడం మానేసింది. ఒక సాయంత్రం బాపు డ్యూటీ దిగి వచ్చి, టీ తాగుతూ నా వెనక నిలబడ్డాడు. ఆయన బాయిలో, అంటే బొగ్గుగనిలో, సర్దారు. మనుషులు పనిలోకి దిగేముందు గని పైకప్పు చూసి, కర్రతో తట్టి, ఎక్కడ పగులుందో చెప్పడం ఆయన పని.

"లైటు నెత్తి మీద వెట్టుకోని సూస్తె ఏం కనవడ్తది?" అన్నాడు. "రూఫు గూడ ఎదురంగ లైటు కొడితె అంత మంచిగనే అగువడ్తది. పక్కకెళ్ళి వంచి కొట్టాలె. అప్పుడు పర్రె ఎక్కడున్నా నీడ వడ్తది."

మూడు బ్యాటరీల టార్చి తెచ్చి, లైటు ఆర్పి, వెలుగును నాణెం పక్కనుంచి వాలుగా వేశాడు. నేను తోమిన రూపాయి మీద సన్నటి గీతలు వందలకొద్దీ లేచాయి. నల్లదాని మీద ఒక్క గీత లేదు, వెలుగు మెత్తగా పాకిపోయింది. నేను బాపు చెయ్యి పట్టుకుని ఏడ్చినంత పని చేశాను. ఆయన మాత్రం "ఊకె ఏసి బ్యాటరీలు ఒడగొట్టకు" అని లోపలికి పోయాడు.

పరీక్ష రోజు మధ్యాహ్నం సారు ఇంట్లో కిటికీలు మూయించి, సంచిలోంచి టార్చి తీశాను. బ్యాంకాయన "బాయిల దిగుతున్నవా ఏంది?" అన్నాడు. నేను టార్చి వెలిగించి మొదటి నాణెం మీదికి వంచాను. ఎనిమిది నాణేలు సరిగ్గా చెప్పాను. తొమ్మిదోది అందమైన బూడిదరంగులో ఉంది, చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. టార్చి వంచాను. బూడిదరంగు అడుగున నాకు బాగా తెలిసిన గీతలు.

"ఇది ఎప్పుడో తోమిండ్రు సార్. నా అసొంటోళ్ళే."

పదోది తోమలేదన్నాను. సారు భూతద్దం జేబులో పెట్టుకుని, "పెట్టె నీదే" అన్నారు. గోదావరి బ్రిడ్జి మీద బస్సులో వస్తుంటే, ప్రపంచంలో నాకు తెలియనిదేదీ లేదనిపించింది.

ప్రదర్శనకు బాపు షిఫ్టు మార్చుకుని అవ్వను తీసుకొచ్చాడు. నేను పాడుచేసిన రూపాయిని అవ్వ నల్లదారానికి కట్టించుకుని మెడలో వేసుకుంది. ఎవరికో చూపించడానికి సారు నా పెట్టె మూత తీసి ఉంచారు. అవ్వ వంగి చూసింది. ఆమె మొహం మాడిపోయింది.

"ఇంతమంది వస్తరని తెలిసి గూడ గిట్ల మసితోనే వెట్టినవేంది బిడ్డా" అంటూ కొంగు తడి చేసుకుని రూపాయి మీదికి చెయ్యి చాపింది. ఎలా దూకానో తెలియదు, ఆమె మణికట్టు పట్టేసుకున్నాను.

"అవ్వా, ముట్టకు. అది మసి గాదు, దాని వయసు."

"వయసు నాకు గూడ ఉన్నది. నేను పొద్దుగాల తానం చేసి రాలేదా?"

హాలంతా నవ్వింది. అవ్వ ఏమాత్రం తగ్గలేదు. మెడలో రూపాయి పైకెత్తి, "ఇగో, గిట్ల ఉండాలె. నా మనుమరాలు తోమింది" అని వచ్చినవాళ్ళందరికీ చూపించడం మొదలుపెట్టింది. నా పెట్టె దగ్గరకంటే ఆమె చుట్టూనే జనం ఎక్కువయ్యారు. భూతద్దం సారు కూడా వెళ్ళి, తోలు ఒలిచావని నన్ను తిట్టిన ఆ రూపాయినే భూతద్దంతో శ్రద్ధగా చూసి, "మంచిగ తోమింది అవ్వా" అన్నారు. ఆ మాటకు నేను పొంగినంతగా, పదికి పది చెప్పినప్పుడు కూడా పొంగలేదు.

ఇప్పుడు నాణేలు చూపించుకోవడానికి నా దగ్గరికే వస్తున్నారు. తోమిందో లేదో క్షణంలో చెప్తాను, కొంచెం గొప్పగానే చెప్తాను. అవ్వ లేదు. నల్లదారం రూపాయి నా దగ్గరే ఉంది. చార్మినార్ మూలల్లో మళ్ళీ నలుపు పడుతోంది. అప్పుడప్పుడూ టార్చి వంచి చూస్తాను. ఆ పిల్ల ఎంత గట్టిగా, ఎంత ప్రేమగా రుద్దిందో గీత గీతకూ కనిపిస్తుంది, నవ్వొస్తుంది. తీసినంత జాగ్రత్తగా మళ్ళీ డబ్బాలో పెట్టేస్తాను. చేతులు మాత్రం ఇప్పటికీ ఊరుకోవు, కాస్త దురద పెడతాయి.