షంషున్నీసా పెట్టిన మూడు సంతకాలు

షంషున్నీసా కొత్తకోటలో జాకెట్లు కుడుతుంది. భర్త ఖాసింకు హైవే పక్కన పంక్చర్ దుకాణం. తెలంగాణ వచ్చిన ఏడాది వాళ్ల పెద్ద కూతురు షగుఫ్తా గ్రహణమొర్రితో పుట్టింది. పై పెదవి రెండుగా చీలి ఉంది, లోపల అంగిలి కూడా కలవలేదు. తాగిన పాలు ముక్కులోంచి వచ్చేవి. గ్రహణం నాడు కత్తెర పట్టావని అత్త అన్న మాట షంషున్నీసాను చాలాకాలం తిననివ్వలేదు. అది ఎవరి తప్పూ కాదని హైదరాబాదులో డాక్టరమ్మ చెప్పాకనే ఆమె తేరుకుంది.

మూడేళ్లు నిండకముందే ఆ పిల్లకు అక్కడి ఆసుపత్రిలోనే మూడు ఆపరేషన్లు జరిగాయి. మూడుసార్లూ మత్తు ఇవ్వడానికి ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం చేసింది తల్లే. ఖాసిం పెన్ను పట్టుకుని, మళ్లీ ఆమెకే ఇచ్చేశాడు.

షగుఫ్తా నాలుగో తరగతికి వచ్చింది. పెదవి మీద సన్నని గీత మిగిలింది, మాట కాస్త ముక్కుతో వస్తుంది. కానీ ఎక్కాలు నిలవవు. నిన్న అప్పజెప్పింది ఇవాళ ఉండదు. రెండేళ్లు చిన్నదైన ఉమేరా పక్కన కూర్చుని వింటూ అక్క ఎక్కాలన్నీ నేర్చేసుకుంది.

అప్పుడే, 2023లో, హైదరాబాదు ఆసుపత్రి తరఫున మెర్సీ అనే అమ్మాయి పాలమూరు నుంచి బస్సులో వచ్చింది. పసితనంలో మత్తుమందు తీసుకున్న పిల్లల మెదడు తర్వాత ఎలా ఎదుగుతుందో ఆ ఆసుపత్రిలో పరిశోధన చేస్తున్నారు. అలాంటి పిల్లకూ, మత్తు తీసుకోని తోబుట్టువుకూ ఒకే రకం పరీక్షలు పెట్టడం మెర్సీ పని.

"గా మత్తుతోనే మా పిల్ల గిట్లయిందా మేడం?" అని షంషున్నీసా అడిగింది.

"గది తెల్సుకోనీకే తిరుగుతున్నమక్కా. ఇంక తేలలే."

దుకాణానికి బయల్దేరిన ఖాసిం గుమ్మంలో ఆగాడు. "నాగ్గూడ పరీక్ష పెట్టున్రి మేడం. ఏడో ఎక్కం నాగ్గూడ రాదు. నాకైతె ఎవ్వలు మత్తుసూది ఇయ్యలే."

మెర్సీ నవ్వింది. షంషున్నీసా నవ్వలేదు.

ముందు షగుఫ్తా కూర్చుంది. బొమ్మలో ఉన్నట్టు రంగు ముక్కలు పేర్చాలి. మెర్సీ చెప్పిన అంకెలను వెనక నుంచి చెప్పాలి. చేసింది, ఆగింది, మళ్లీ అడిగింది. ఈలోగా తల్లి ఉమేరాను వంటింట్లోకి తీసుకెళ్లి ఏదో చెప్పింది. తర్వాత ఉమేరా కూర్చుంది గానీ, గుమ్మం బయట మిషను కుడుతున్న తల్లి వైపు చూస్తూ రెండు బొమ్మలు రావని వదిలేసింది.

మెర్సీ మార్కులు వేసుకుంటుంటే ఉమేరా తోచక, తను వదిలేసిన బొమ్మను నమూనా చూడకుండానే పేర్చింది.

"గిది ఇందాక రాదంటివి గదా?"

"వచ్చు మేడం. అమ్మీ జర ఆగి చెయ్యమన్నది. అక్క కంటె ఎక్కువ చెయ్యొద్దన్నది."

కుట్టుమిషను ఆగిపోయింది.

"గట్లెందుకు చెప్పినవక్కా?" మెర్సీ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"తేడా వస్తే అది నా సంతకంతోనే గదా. నా బిడ్డ తక్కువని మీ కాగితంల రాస్తరు. గది నేను సూడలేను."

"నువ్వు సంతకం పెట్టకుంటే పిల్ల పాలెట్ల తాగుతుండె?"

"నాకెరికే. ఎరికున్నా మనసు ఒప్పుకుంటదా?"

మెర్సీ ఉమేరా కాగితాలు విడిగా తీసి అడ్డంగా గీత కొట్టింది. ఇవి లెక్కలోకి రావంది. తర్వాత అసలు సంగతి చెప్పింది. వందల ఇండ్లు తిరిగి అందరివీ కలిపి చూస్తేనే ఏమైనా తేలుతుంది. షగుఫ్తా ఒక్కదాని సంగతి, మత్తుతోనా మరి దేనితోనా అని, ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు.

"అంటె నాకు ఎన్నడు తెల్వదా?"

"తెల్వకపోవచ్చక్కా. నీ తర్వాత సంతకం పెట్టేటామెకు తెలుస్తదేమో."

షంషున్నీసా జాకెట్ చేతిని విప్పుతూ, మళ్లీ మడుస్తూ కూర్చుంది. మెర్సీ సంచి సర్దుకుని లేచాక అడిగింది. "మల్ల ఎప్పుడొస్తవ్?"

"ఆర్నెల్లకు. ప్రశ్నలు వేరేవి తెస్త."

రంజాన్ అయ్యాక మెర్సీ వచ్చింది. ఈసారి షంషున్నీసా పిల్లలిద్దరికీ తల దువ్వి లోపల కూర్చోబెట్టి, తను బయటికొచ్చి మిషను దగ్గర కూర్చుంది. చప్పుడవుతుందని తొక్కలేదు. ముందు ఉమేరా వంతు. అంకెలు టకటకా చెప్పేసింది. తర్వాత షగుఫ్తా.

"ఎనిమిది, మూడు, ఆరు, రెండు" అంది మెర్సీ.

"మల్లొకపారి చెప్పున్రి మేడం."

మెర్సీ చెప్పింది.

"రెండు... ఆరు..." అని షగుఫ్తా ఆగిపోయింది.

తర్వాతి అంకె షంషున్నీసా నోటిదాకా వచ్చింది. దారం కొసను పళ్ల మధ్య బిగించి, కూతురు చెప్పేదాకా అలాగే కూర్చుంది.