పెద్దబాపు ముసలి కారు, మామ ఎర్ర కారు

మేం పెళ్లీడుకొచ్చిన కాలంలో పిల్లవాడి చదువూ ఉద్యోగమూ ఒక ఎత్తు, పెళ్లిచూపులకు ఏ కారులో దిగాడన్నది ఇంకో ఎత్తు (అని మా ఇంట్లో నమ్మేవారు). మా పెద్దబాపుకు, అంటే నాన్న అన్నగారికి, గుండ్రటి వీపున్న ముసలి కారు ఉండేది. గేరు స్టీరింగు పక్కనే, ముందు సీటు సోఫాలా పొడుగ్గా. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండేది. మా మేనమామది తర్వాతి తరం కారు. ఎర్రగా, అగ్గిపెట్టెంత, ఏసీతో సహా. "బావా, మీది కారు కాదు, చక్రాలున్న ఇల్లు" అనేవాడు మామ. "నీది జేబుల వెట్టుకొని తిరుగు, గాలొస్తే పోతది" అనేవాడు పెద్దబాపు.

నాకు గౌలిపురలో సంబంధం చూసిన రోజున ఈ తగువు ముదిరింది. పిలగాడు నా కార్ల వస్తడంటే నా కార్ల వస్తడని ఇద్దరూ పట్టు. చివరికి అమ్మ, "లొల్లి జెయ్యకుండ్రి. పొయ్యేటప్పుడు తమ్ముని కార్ల, వచ్చేటప్పుడు బావగారి కార్ల" అని తీర్పిచ్చింది. అలా నేనూ మామా ఎర్ర కారులో, మిగతా బలగమంతా పెద్ద కారులో బయల్దేరాం. కొత్త చొక్కా నలగకుండా ఏసీలో రాజకుమారుడిలా కూర్చున్నాను. చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటేసరికే పెద్దబాపు కనుమరుగయ్యాడు.

గౌలిపుర గల్లీలో బర్రెల మంద ఎదురైంది. మామ హారన్ కొట్టాడు. ఆ సన్నటి కూత ఒక బర్రెకు నచ్చినట్టుంది, వచ్చి నా తలుపుకు వీపు ఆనించి గోక్కోసాగింది. అటుపక్క ఇంకోటి. కారు ఊయలలా ఊగింది. "ఫికర్ జెయ్యకు అల్లుడా" అంటూ మామ తన వైపు తలుపుకు గడియ వేసుకున్నాడు. ఇంతలో వెనక నుంచి పెద్దబాపు కారొచ్చి, భోంయ్‌మని అరిచి (ఒక్క బర్రె కూడా కదల్లేదు), గల్లీ నిండా ఇరుక్కుని, మేం వెనక్కి పోయే దారి కూడా మూసేసింది.

అప్పుడు ఎదురింట్లోంచి ఒక అమ్మాయి పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వచ్చి, "ఏయ్ లచ్చీ, జరుగు!" అని బర్రె వీపున ఒక్కటిచ్చింది. అది బుద్ధిగా జరిగింది. ఆమె వంగి, నేను దించిన అద్దంలోంచి నన్ను చూసి, "ఎవరింటికొచ్చిండ్రు అన్నా?" అంది.

నేను చొక్కా సర్దుకున్నాను. "పిల్లను... చూడనీకి."

ఆమె నాలుక్కరుచుకుని, వెంటనే నవ్వాపుకుంటూ, "చూసిండ్రు గద, ఇగ దిగుండ్రి" అని లోపలికి పరుగెత్తింది.

ఆ తర్వాత లోపల ఎవరేం మాట్లాడారో, ఏం తిన్నామో నాకు తెలియదు. ఇంటికొచ్చేటప్పుడు, తీర్పు ప్రకారం, పెద్దబాపు కారులో కూర్చుని, చొక్కా నిండా దుమ్ముతో, వెనక అద్దంలోంచి గౌలిపుర వైపే చూస్తున్నాను. "ఎట్లున్నది బిడ్డా? నిజం జెప్పు" అన్నాడు పెద్దబాపు. "మస్తున్నది పెద్దబాపు" అన్నాను. తన కారు గురించే అన్నానని ఆయన ఎన్నాళ్లో ఊరంతా చెప్పుకుని మురిశాడు. పాపం, అప్పటి నేనైన ఆ పిలగాడి ముఖంలో కారు ఎక్కడుంది? ఇప్పుడు తలుచుకుంటే వాడి మీద నవ్వూ వస్తుంది, కాస్త అసూయా వేస్తుంది.