పడమటి మూలన మాసిపోయిన గీతలు

దయ్యాలు ఉన్నాయని నేను ఎన్నడూ అనుకోలేదు. చిన్నప్పుడు కూడా చీకట్లో ఒంటరిగా పెరట్లోకి వెళ్లి వచ్చేదాన్ని. నాకు భయమంతా మనుషులతో మాట్లాడాలంటేనే. అందుకే దీన్ని ఎవరి ముందూ కూర్చుని చెప్పలేక రాస్తున్నాను.

నేను ధర్మవరంలో ఒక కళ్లద్దాల షాపులో పని చేస్తాను. అద్దాలు అరగదీసి ఫ్రేములో కూర్చోబెడతాను. సరిగా కనిపించడం లేదని ఎవరైనా వస్తే, లోపం అద్దంలో ఉందా, చూసేవాళ్ల కంట్లో ఉందా అని తేల్చడం నాకు రోజూ ఉండే పని.

మా మేనమామది కొత్తచెరువు దగ్గర పల్లె. పంటల మీద పడే అడవిపందులను కాల్చడానికి ఆయనకు అనుమతి ఉంది. ఆయన రైఫిల్ మీద ఒక స్కోపు, అంటే చిన్న దుర్భిణి, ఉంటుంది. అందులోంచి చూస్తే అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి సన్నటి నల్లగీతలు కనిపిస్తాయి. అవి కలిసే చోట తూటా తగలాలి. గీతలు సరిగా కనిపించకపోతే అది ఎటు పోతుందో చెప్పలేం. పొలాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

పోయిన చలికాలంలో మామ ఆ స్కోపు ఊడదీసి, టవల్లో చుట్టుకుని షాపుకు వచ్చాడు.

“గీతలు మాసిపోతాండాయి పాపా. టీనీళ్ల రంగు తిరిగి, కడాకు కనపడకుండా పోతాండాయి. వారం నుంచి ఇదే కత.”

మా ఓనరు పగలబడి నవ్వాడు. “ఏమప్పా, తుపాకీకి గూడా కండ్లద్దాలు పెట్టిస్తాండావా?”

నేను తెల్లగోడ వైపు తిప్పి చూశాను. గీతలు కాటుకతో గీసినంత నల్లగా ఉన్నాయి. కన్ను పెట్టే వైపు రింగు తిప్పి చూశాను. అద్దం మీద మరక ఉంటే రింగుతో పాటు అదీ తిరగాలి. ఏ మరకా లేదు. టార్చి వేసి లోపల బూజు, చెమ్మ ఉన్నాయేమో వెతికాను. అవీ లేవు. ఇక మిగిలింది మామ కన్ను.

“షుగరేమో మామా, చూపు పరీక్ష చేస్తాను” అన్నాను.

“నా కంటికేమైంది? నీ తలలో పేను పోతాంటే ఈడ్నుంచే కనపడతాంది నాకు” అన్నాడు. అయినా కూర్చున్నాడు. చార్టులో అడుగు వరస దాకా తడుముకోకుండా చదివాడు.

“ఈడ అన్నీ బాగానే ఉండాయి మామా.”

“ఈడ కాదు పాపా. మన చేను పడమటి మూల తిప్పితేనే పోతాండాయి. ఆడికొచ్చి సూడు.”

ఒక వైపు తిప్పితేనే చెడిపోయే అద్దం ఉండదు. అది చూపించడానికే మరుసటి ఉదయం వెళ్లాను.

ఎండ బాగా వచ్చింది. మంచు లేదు. సూర్యుడు మా వెనక ఉన్నాడు కాబట్టి కళ్లలో వెలుగు కొట్టే అవకాశం లేదు. సగం చేనులో వేరుశనగ పీకేశారు, మిగతా సగం అలాగే ఉంది. పందులు బెదరడానికి అందరిలాగే మామ కూడా చేను చుట్టూ కట్టెలు పాతి పాత చీరలు కట్టాడు. పడమటి మూలన ఉన్నది రెండేళ్ల కిందట చనిపోయిన మా అత్తది, పసుపు పూల చీర.

దాని వెనక నల్లగా, గుండ్రంగా ఏదో ఉంది.

“పందే. సెవి ఆడిస్తాంది సూడు” అని మామ గొంతు తగ్గించి, రైఫిల్ ఎత్తాడు. కాసేపటికి దించేశాడు. “పోయినాయి, గీతలు.”

తూటా తీసేసి రైఫిల్ నా భుజానికి ఆనించి పట్టుకున్నాడు. నేను కన్ను పెట్టాను.

చీర మీది పసుపు పూలు స్పష్టంగా కనిపించాయి. వెనకున్న నల్లటి ఆకారం కూడా కనిపించింది. గీతలు మాత్రం తుప్పు రంగులోకి తిరిగి, పలచబడి, నేను చూస్తుండగానే మాయమయ్యాయి. కొండ వైపు తిప్పాను, నల్లగా వచ్చాయి. మళ్లీ మూలకు తిప్పాను, పోయాయి. రింగు తిప్పాను, రెండో కంటితో చూశాను, అద్దం తుడిచాను. అద్దం మురికైతే చీర కూడా మసకబారాలి కదా. లోపల బూజైతే కొండ వైపు కూడా ఉండాలి కదా.

మామకు ఓపిక పోయింది. “ఇంత దగ్గర్లో గీతలెందుకు? అట్లే కొడతా.” తూటా మళ్లీ పెట్టాడు.

“వద్దు మామా!” అని అరిచాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు.

“ఏందే ఆ అరుపు? పారిపోతాది!” అన్నాడు.

అది పారిపోలేదు. కదల్లేదు కూడా. అంత కేకకు ఏ పందీ అక్కడ నిలబడదు. మామ ముఖం పాలిపోయింది. తూటా తీసి జేబులో వేసుకుని ముందు నడిచాడు.

చీర వెనక నల్ల కంబళి కప్పుకుని, పక్కకు ఒరిగి, ముడుచుకుని లచ్చుమక్క ఉంది. పక్క పల్లె మనిషి. పీకిన చేలల్లో మిగిలిపోయిన కాయలు అందరికన్నా ముందు ఏరుకోవాలని తెల్లవారకముందే వచ్చేది. మామ చెవి అనుకున్నది గాలికి లేస్తున్న కంబళి కొస. ఒళ్లు చల్లగా ఉంది. మడమ పైన పాము కాటు. ఒళ్లో వేరుశనగకాయలు అలాగే ఉన్నాయి.

మామ మట్టిలో కూలబడ్డాడు. “కాల్చింటే నేనే సంపినోన్నయ్యేవాన్ని పాపా. ముందే సచ్చిపోయిందంటే ఎవురు నమ్ముతారు?”

పోలీసులు వచ్చి, శవాన్ని తీసుకెళ్లాక, మధ్యాహ్నం స్కోపు అదే మూలకు తిప్పి చూశాను. గీతలు నల్లగా ఉన్నాయి. తర్వాత బెంగళూరులో బాగుచేసేవాళ్లకు చూపిస్తే ఏ లోపమూ లేదన్నారు. మామ రైఫిల్ స్టేషన్‌లో అప్పగించి, మళ్లీ తెచ్చుకోలేదు.

ఊళ్లో అందరూ అది అత్తే అన్నారు. మొగుణ్ణి కాపాడుకుందన్నారు. కానీ ఆ చేను చుట్టూ కట్టిన మిగతా చీరల్లోనూ అత్తవి ఉన్నాయి. ఆ ఉదయమే వాటి వైపు కూడా నేను తిప్పి చూశాను. అక్కడ గీతలకు ఏమీ కాలేదు.

నన్ను వదలనిది వేరే ఉంది. గీతలు మాసిపోవడం వారం ముందే మొదలైంది. అప్పటికి లచ్చుమక్క బతికే ఉంది, రోజూ అదే దారిన వచ్చి పోతోంది. తుపాకీ పట్టుకున్నవాణ్ణి ఆపడానికి వారం ముందు నుంచి కాచుకున్నది, కాయలు ఏరుకునే మనిషిని ఒక్కరోజు ఎందుకు ఆపలేదు?

ఈమధ్య లచ్చుమక్క కూతురు మా షాపుకు వచ్చింది. అద్దాల కోసం కాదు. కౌంటరు మీద చేతులు పెట్టుకుని, “మాయమ్మను ముందు సూసింది నువ్వేనంట గదక్కా. ఆడ ఏముండాదని పోతిరి మీరు?” అని అడిగింది.

పంది అనుకున్నామని చెప్పాను. అంతవరకు నిజమే. ఆ తర్వాతది, గీతల సంగతి, చెప్పకుండా చేతిలోని అద్దం తుడవడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి తలుపు తోసుకుని ఎండలోకి వెళ్లిపోయింది.