సోమన్న పన్ను, హిప్నాటిజం, ఒక పుంజు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది సంగతి. పాడేరులో ఒక చిన్న ఆస్పత్రిలో పళ్ల డాక్టరుగా ఉన్నాను. ముంచింగిపుట్టు వైపు నుంచి సోమన్న అనే కాఫీ రైతు వచ్చాడు. బుగ్గ బూరెలా పొంగింది. దవడపన్ను కింద యాబ్సెస్, అంటే చీముగడ్డ. పన్ను తీయకపోతే చీము మెడలోకి దిగి ప్రాణం మీదికి వస్తుంది. ఆయనకేమో సూదంటే హడల్. అప్పటికే ఒకసారి కుర్చీ దిగి సంతలోకి పారిపోతే, భార్య చిలకమ్మ చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

సూది భయం ఉన్నవాళ్లకు నేను హిప్నాసిస్ వాడతాను. అది మంత్రమూ కాదు, మత్తూ కాదు. మెల్లగా మాట్లాడుతూ మనసును ఇష్టమైన చోటికి మళ్లిస్తే ఒళ్లు సడలుతుంది. అప్పుడు తిమ్మిరి ఇంజెక్షన్ మామూలుగానే ఇస్తాం. కానీ ఆ పేరు వినగానే సోమన్న రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. టీవీ సీరియళ్ల పుణ్యమా అని ఆయనకు తెలిసిన హిప్నాటిజం వేరు. గొలుసు ఊపగానే మనిషి కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు.

చిలకమ్మను బయటికి పంపాక అసలు సంగతి తెలిసింది. అమ్మవారికి మొక్కుకుని ఆవిడ పెంచిన పుంజును ఈయన సంతలో పందేనికి దింపి పోగొట్టుకున్నాడట. ఇంట్లో మాత్రం నక్క ఎత్తుకెళ్లిందని చెప్పాడట.

"సచ్చినా ఆ మాట నా నోట రాకూడదు మేడమ్," అన్నాడు.

మీకు అన్నీ వినబడుతూనే ఉంటాయి, చెప్పకూడదనుకున్నది ఎవరూ చెప్పించలేరని ఎంతో నచ్చజెప్పాను. నమ్మలేదు గానీ, నొప్పి ఒప్పించింది.

కళ్లు మూయించి, మాటలతో ఆయన తోటలోకే తీసుకెళ్లాను. పొద్దుటి మంచు, సిల్వర్‌ఓక్ నీడ, మిరియాల పాదులు. భుజాలు జారాయి, ఊపిరి నెమ్మదించింది. ధైర్యానికి చెయ్యి పట్టుకోమని లోపలికి పిలిచిన చిలకమ్మ, నేను వద్దని సైగ చేస్తున్నా ఆయన చెవి దగ్గరికి వంగింది.

"మన పుంజు ఏటైనాది?"

సోమన్న కన్ను తెరవలేదు. తీరిగ్గా, "నక్క ఎత్తుకుపోనాది. పెద్ద నక్క," అన్నాడు.

అనవసరంగా మొగుణ్ణి అనుమానించానని పాపం చిలకమ్మ కొంగుతో కళ్లద్దుకుంది. నేను ఇంజెక్షన్ ఇచ్చి పన్ను తీశాను. సోమన్న ఉలకలేదు, పలకలేదు.

గాయం మీద దూది పెట్టి, కాసేపు నోరు విప్పొద్దన్నాను. గెలిచిన సంబరం ఆగుతుందా! దూది చేతిలోకి తీసుకుని, "ఆ సీరియళ్లన్నీ ఉత్తిదే మేడమ్," అన్నాడు పొంగిపోతూ. "ఇదొచ్చి సెవిలో అడిగినా నేను పందెం మాట ఎత్తలేదు, సూశారా?"

చిలకమ్మ కొంగు బొడ్లో దోపుకుని నన్ను ఒక్కటే అడిగింది.

"ఈ తిమ్మిరి మా ఊరు సేరేసరికి దిగిపోతాదా?"

"దిగిపోతుందమ్మా."

"అయితే బేగి పద," అంది మొగుడితో.

అప్పటినుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లకు ధైర్యంగా చెబుతున్నాను. హిప్నాటిజం ఎవరి రహస్యాన్నీ బయటికి లాగదు. దూది మాత్రం తీయొద్దు.