రంగూన్ పిల్ల అడిగిన మాట

మా నాన్న బెజవాడలో కానిస్టేబులు. ఠాణాలో ఎలా ఉండేవారో తెలియదుగానీ, ఇంట్లో ఆయనకు "అండీ" లేనిదే ముద్ద దిగేది కాదు. పిల్లలం ఆ మాట మరిచామా, చెంప చెళ్ళుమనేది.

బర్మా మీద బాంబులు పడ్డాక వచ్చిన వేసవి అది. రంగూన్ నుంచి పారిపోయి వచ్చిన మనవాళ్ళు రైళ్ళ నిండా దిగుతుండేవారు. ఆ తొక్కిడిలో, ఉయ్యూరు వైపు పోవలసిన ఒకామె చేతిలోంచి నాలుగేళ్ళ కూతురు తప్పిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఏడుస్తున్న ఆ పిల్లను మా నాన్న తీసుకెళ్ళి ఠాణాలో కూచోబెట్టారు. తల్లి వెతుక్కుంటూ వచ్చేసరికి పిల్ల ప్రాణం పోయింది.

మేముండేది నేతపనివాళ్ళ వీధి. మగ్గాలు ఆగాయి, నోళ్ళు ఆడాయి. "కొట్టి చంపుంటాడు, ఖాకీ గుడ్డలోడికి జాలెక్కడిదమ్మా!" అని వీధి. "మావాడు చీమక్కూడా హాని చెయ్యడు" అని నాయనమ్మ. అబ్బబ్బ, చూసినవాడు ఒక్కడు లేడు, చెప్పేవాళ్ళు మాత్రం ఊరంతా! నాకు ఒళ్ళు మండిపోయేది. మంట కంటే భయం ఎక్కువ. ఆ చెయ్యి ఎంత బరువో నా చెంపకు తెలుసు. మా నాన్న పసిదాన్ని కొట్టి చంపారా? అమ్మను అడిగితే, "నిజం నిలకడ మీద తెలుస్తుంది, నువ్వు నోరు మూసుకో" అంది. నాన్న అన్నం కలిపి, తినకుండానే లేచిపోయేవారు.

పిల్లను పూడ్చిపెట్టాక ఒక మధ్యాహ్నం ఆ తల్లి మా ఇంటికి వచ్చింది. వెనకే వీధంతా వచ్చింది. "దుమ్మెత్తి పొయ్యవే తల్లీ, శపించు!" అని ఎగదోశారు. ఆమె వెనక్కి తిరిగింది.

"ఉండండమ్మా. నేను కళ్ళతో చూశానా? ముందు ఆయన్ని అడగనివ్వండి."

అమ్మ అరుగు మీద చాప వేసి, చెంబుతో మంచినీళ్ళు పెట్టింది. ఆమె ముట్టుకోలేదు.

"నా బిడ్డను కొట్టారా బాబూ?"

"లేదమ్మా. నా పిల్లల మీద ఒట్టు. ఒళ్ళు కాలిపోతుంటే ఏడ్చి ఏడ్చి అనుకున్నాను. వడ కొట్టిందనుకోలేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏమన్నా అడిగిందా?"

"ఏమీ అడగలేదమ్మా. నన్ను చూసి ఏయ్, ఏయ్ అంటానే ఉంది. ఇంతున్న పిల్ల పెద్దవాణ్ణి పట్టుకుని ఏయ్ అంటుందా అని కోపమొచ్చింది. గదమాయించి, తలుపు దగ్గరకేసి అవతలికి వెళ్ళిపోయాను."

ఆమె చెంబు వంక చూసింది.

"ఏయ్ కాదు బాబూ. యే. నేనూ మా ఆయనా కూలికి పోతే దాన్ని సాకింది పక్కింటి బర్మా ముసలమ్మ. దానికి ఆ మాటలే వచ్చు. యే అంటే నీళ్ళు."

నాన్న అరుగు కింద కూలబడి, "ఇప్పుడు తిట్టమ్మా" అన్నారు. ఆమె తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ తరవాత మమ్మల్ని "అండీ" అనమని నాన్న ఎన్నడూ అడగలేదు. వీధిలో ఎవరు "ఏయ్" అని కేకేసినా చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవారు. బండివాడు ఎద్దును అదిలించినా సరే.