రెండు వేళ్ల సందు

కుక్క ఎవరిదైనా సరే, ఒర్మాన్‌బెత్ దాని ముందు మోకాలి మీద కూర్చుని మెడపట్టీ కింద రెండు వేళ్లు దూర్చి చూసేవాడు. చూపుడు వేలు, నడిమి వేలు. దూరితే తలాడించి లేచేవాడు. దూరకపోతే యజమాని వంక చూసేవాడు. ఆ చూపుకే జనం బకిల్‌ను ఒక రంధ్రం వదులు చేసేవాళ్లు.

కజకిస్తాన్‌లో ఇలీ నది బల్కాష్ సరస్సులో కలిసే చోట పాయలు పాయలుగా చీలిపోతుంది. పాయకూ పాయకూ మధ్య అంతా రెల్లే. అతను ఆ రెల్లులోనే పుట్టాడు. కుర్రతనంలో బొచ్చు తోళ్లు అమ్మే సర్కారు ఫారం కోసం నీటి ఎలుకల్ని పట్టాడు. ఫారం మూతపడ్డాక చేపలు పట్టాడు. నీళ్లు తగ్గి, చేపలూ తగ్గాక రెల్లు కోసి పశువుల పాకలకు తడకలు అల్లాడు. వీటిలో ఏదీ అతనికి పేరు తేలేదు. పేరు తెచ్చింది ఎర్ర కుక్క.

దాని పేరు షొర్తాన్. ఆ నీళ్లలో తిరిగే ఒక వేటచేప పేరు అది. చెవులు వేలాడే పొట్టి జాతి ఆడకుక్క. మంచు కరిగిన నాటి నుంచి మళ్లీ నీళ్లు గడ్డకట్టే దాకా అది నేల మీద కన్నా నీళ్లలోనే ఎక్కువ ఉండేది. తుపాకి దెబ్బకు బాతు ఎంత లోపల పడినా, రెల్లు చీల్చుకుని పోయి, ఈక నలగకుండా నోట కరచుకుని తెచ్చేది.

మొదట్లో దానికి తోలు పట్టీ కట్టాడు. తండ్రి గుర్రపు కళ్లెంలోంచి కోసిన తోలు. పుల్లటి మజ్జిగలో నానబెట్టి, పొగబెట్టి, గొర్రె తోక కొవ్వు పట్టించినది. గుర్రానికి అది ఒక తరం పాటు ఆగింది. గుర్రం వానలో తడుస్తుంది, ఎండలో ఆరుతుంది. షొర్తాన్‌కు ఆరే వేళ లేదు. తడిసినప్పుడు తోలు సాగేది. పొయ్యి పక్కన పడుకుంటే బిగిసేది. ఒక సాయంత్రం అతని వేళ్లు దూరలేదు. విప్పి చూస్తే కింద చర్మం ఒరిసిపోయి ఎర్రగా ఉంది. ఆ రోజే తోలును అవతల పారేశాడు.

భార్య కంషాత్ ఒంటె బొచ్చుతో ఒక పట్టీ నేసి ఇచ్చింది. అది నీళ్లు తాగి తడిగుడ్డలా బరువెక్కింది. నైలాను కడితే చలికి అందులోని తడి గడ్డకట్టి, అంచు బొచ్చును కోసేసింది. గొలుసు తెస్తే కంషాత్ ఒప్పుకోలేదు.

"ఏమయ్యా, అది చేసిన దొంగతనం ఏమిటని సంకెళ్లు వేస్తున్నావు?" అంది.

ఒకసారి ఆల్మాటీ పట్నం నుంచి వచ్చిన వేటగాళ్ల కుక్క మెడలో కొత్తరకం పట్టీ కనిపించింది. లోపల నేత పట్టీ, పైన రబ్బరు లాంటి నున్నటి పూత. చేత్తో ఒకసారి తుడిస్తే పొడి. ఆ రోజు నుంచి అతనికి అదే ధ్యాస. పట్నానికి బస్సు నడిపే బెక్జాత్‌కు పని పడింది. మొదట తెచ్చినది మరీ వెడల్పు, దాని కింద బురద చేరుతుందని తిప్పి పంపాడు. తర్వాతి దానికి ఇనుప బకిల్, తుప్పు పడుతుందన్నాడు. ఆ తర్వాతిది దారంతో కుట్టినది, నీళ్లలో మొదట పోయేది దారమే అన్నాడు.

"అన్నా, నా పెళ్లి ఉంగరం కోసం కూడా నేను ఇన్నిసార్లు బజారు తిరగలేదు," అన్నాడు బెక్జాత్.

"నీ పెళ్లాం ఈత కొట్టదు కదరా."

చివరికి వచ్చింది. ఇత్తడి బకిల్, ఇత్తడి రివెట్లు, రెండు వేళ్ల వెడల్పు. కట్టి చూశాడు. ఒక వేలే దూరితే ఊపిరాడదు. మూడు దూరితే ఈదేటప్పుడు ముందుకాలు అందులో చిక్కి కుక్క మునుగుతుంది. రెండు దూరాయి. ఆ వేసవంతా షొర్తాన్ మెడ మీద ఒక్క వెంట్రుక ఊడలేదు.

వేట మొదలయ్యే ముందు వియ్యంకుడు సపర్గాలి వచ్చాడు. ఒర్మాన్‌బెత్ కూతురు ఐనాష్‌ను అతని కొడుక్కి ఇచ్చారు. వాళ్లది సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. గొర్రె కోశారు. బల్ల చుట్టూ కూర్చున్నారు. సపర్గాలి మాంసం తిన్నాడు, టీ మీద టీ తాగాడు, మూతి తుడుచుకున్నాడు.

"బావా, నీ కూతుర్ని మా ఇంటికి ఇచ్చావు. ఆ తర్వాత నేను నోరు తెరిచి ఏమైనా అడిగానా?"

"అడగలేదు. అందుకే నాకు భయంగా ఉంది."

అందరూ నవ్వారు. సపర్గాలి కూడా నవ్వాడు.

"ఆ ఎర్రదాని మీద మనసు పడింది బావా."

నవ్వు ఆగిపోయింది. వియ్యంకుడు గడప లోపల కూర్చుని అడిగిన దాన్ని లేదనడం ఆ నేల మీద లేదు. ఒర్మాన్‌బెత్ చేతిలోని టీ గిన్నె కింద పెట్టాడు.

"తీసుకెళ్లు," అన్నాడు.

జీపు దగ్గర కంషాత్ వెనక నుంచి వచ్చి అతని మోచేయి పట్టుకుంది.

"కుక్క బెల్టు విప్పు," అంది మెల్లగా.

గుర్రాన్ని ఇస్తే కళ్లెం ఉంచుకోవాలి. ఆవును ఇస్తే పలుపు ఉంచుకోవాలి. పశువు వెళ్లిపోతుంది, దాని వెంట ఇంటి కలిమి వెళ్లకూడదు. అందరూ చేసేదే. సపర్గాలికీ అది వింతగా తోచలేదు.

"నీ కలిమి నాకెందుకు బావా, కుక్క చాలు. మా తాత చేయించిన తోలు పట్టీ ఇంట్లోనే ఉంది. వెండి పువ్వులు కూడా ఉన్నాయి దానికి. పెళ్లికూతురిలా ఉంటుంది."

ఒర్మాన్‌బెత్ నోరు తెరిచాడు. ఏం చెప్పాలో అతనికి తెలుసు. తోలు వద్దు బావా, అది నీళ్లలో బతికే కుక్క. కానీ ఆ మాట అంటే వాళ్ల తాత సొత్తుకు వంక పెట్టినట్టు. అడిగిన దాన్ని ఇస్తూ సణిగినట్టు. అతను నోరు మూసుకున్నాడు. బకిల్ విప్పి పట్టీని జేబులో వేసుకున్నాడు. కుక్క మెడకు తాడు కట్టారు. జీపు కదిలింది.

పట్టీని తలుపు పక్కన మేకుకు తగిలించాడు. అడిగిన వాళ్లకు కలిమి కోసం అని చెప్పాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. కుక్క వాసన లేదు. దానికి తడి అంటదు, వాసనా అంటదు. ఏరి ఏరి తెప్పించుకున్న గుణమే అది.

మొదటి మంచు పడినప్పుడు ఐనాష్ ఫోను చేసింది. మాటల మధ్య అడిగాడు.

"షొర్తాన్ ఎలా ఉందమ్మా?"

"రోజూ వేటే నాన్నా. మామగారు ఊరంతా చెప్పుకుంటున్నారు."

"బెల్టు కింద రెండు వేళ్లు దూరుతున్నాయా?"

"ఆ బొచ్చులో ఎవరు చూస్తారు నాన్నా?"

"నువ్వు చూడు. మామగారితో చెప్పు."

ఐనాష్ గొంతు తగ్గించింది.

"కోడల్ని నాన్నా. ఆయన కుక్క సంగతి నేనెలా ఎత్తను? నువ్వే చెప్పరాదూ?"

అతను సపర్గాలికి ఫోను చేశాడు. మంచు గురించి మాట్లాడాడు, గొర్రెల గురించి మాట్లాడాడు, పెట్టేశాడు.

మర్నాడు పట్టీని మేకు మీంచి తీశాడు. కంషాత్ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి?"

"దాని బెల్టు దానికి ఇచ్చి వస్తాను."

"మన అబ్బాయి పెళ్లాం నిండు నెలలతో ఉంది. ఇప్పుడే దొరికిందా నీకు, ఇంటి కలిమిని నీ చేత్తో మోసుకెళ్లి పారేయడానికి? పురుడు కానీ. ఆ తర్వాత నువ్వు తలుపులు పీకి పంచినా అడగను."

కోడలు లోపలి గదిలో వింటోంది. తర్వాత ఏదైనా జరిగితే ఆ పిల్ల మొహం ఎలా చూడగలడు? అతను పట్టీని మళ్లీ మేకుకు తగిలించాడు. పాయల అంచులు గడ్డకట్టడం మొదలైంది. కుక్క ఇంకా నీళ్లలోకి దిగుతూనే ఉంటుందని అతనికి తెలుసు.

మనవడు పుట్టాడు. పిల్లాడు గట్టిగా, ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాడు. ఒర్మాన్‌బెత్ వాణ్ణి ఎత్తుకున్నాడు, నుదురు ముద్దాడాడు. తెల్లారి పట్టీ తీసుకుని, బెక్జాత్ నడిపే బస్సెక్కాడు.

వియ్యంకుడి వాకిట్లో ఐనాష్ ఎదురొచ్చింది. తండ్రి చేతిలోని పట్టీ చూసి తలదించుకుంది.

"దాని బెల్టు నిన్న కోసేశాం నాన్నా. విప్పడానికి రాలేదు. కత్తెరతో కోశాం."

షొర్తాన్ పాక గోడ పక్కన పడుకుని ఉంది. అతన్ని చూసి లేచింది, తోక ఊపింది, అరచేయి నాకింది. మెడ చుట్టూ బొచ్చు లేదు. ఉబ్బిన తోలు ఎండి బిగిసి, గొంతు కింద చర్మంలోకి దిగిపోయిన గాడి. ఇనుప బకిల్ ఉన్న చోట పుండు. దాని మీద పసుపురంగు మందు. అతని చేయి అలవాటు కొద్దీ మెడ వైపు వెళ్లింది. కుక్క వెనక్కి జరిగి పళ్లు చూపించింది. అది అతనికి పళ్లు చూపించడం ఎప్పుడూ లేదు.

సపర్గాలి వెనక వచ్చి నిలబడ్డాడు. నవ్వబోయాడు, కానీ నవ్వు రాలేదు.

"డాక్టరు బతుకుతుందన్నాడు బావా. మెడకు మాత్రం ఇక ఏదీ కట్టకూడదట. నీళ్ల దగ్గరికి తీసుకెళ్తే కూర్చుండిపోతోంది. మొన్నటిదాకా బాతు పడకముందే దూకేది."

ఒర్మాన్‌బెత్ కుక్క మెడ వంకే చూస్తూ నిలబడ్డాడు.

"తిట్టు బావా. అలా నిలబడకు, తిట్టు. నువ్వు బెల్టు విప్పుకున్నావు, నా దగ్గర ఉన్నది నేను కట్టాను. నాకేం తెలుసు? ఒక్క మాట చెప్పావా నువ్వు?"

"చెప్పలేదు," అన్నాడు ఒర్మాన్‌బెత్.

"ఎందుకు చెప్పలేదు?"

కలిమి కోసం అనవచ్చు. మర్యాద కోసం అనవచ్చు. రెండూ నిజమే. వాటి కింద ఇంకొకటి ఉంది. కుక్కను పోగొట్టుకున్నవాడు దానిదంటూ ఏదో ఒకటి తన దగ్గర ఉండాలనుకున్నాడు. ఆ కుక్క మెడ ఏమవుతుందో తెలిసి కూడా అనుకున్నాడు. దాన్ని అతను చెప్పలేకపోయాడు. పట్టీని వియ్యంకుడి చేతిలో పెట్టాడు.

"ఇంకో కుక్క వస్తుంది కదా. దానికి కట్టు."

సపర్గాలి దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. కుక్కను వెనక్కి తీసుకెళ్లమని అనలేదు. ఇచ్చింది తిరిగి తీసుకోవడం అడిగింది కాదనడం కన్నా పెద్ద అవమానం. అది ఇద్దరికీ తెలుసు. ఐనాష్ లోపల నుంచి టీకి పిలిచింది.

మర్నాడు పొద్దున సపర్గాలి తుపాకి తీశాడు. ఒర్మాన్‌బెత్ వెంట వెళ్లాడు. పిలవకపోయినా షొర్తాన్ వాళ్ల వెనకే నడిచి వచ్చింది. పాయ అంచున పలచటి మంచు పెచ్చు కట్టి ఉంది. ఒక బాతు దెబ్బతిని నడినీళ్లలో పడింది. కుక్క ఒడ్డున కూర్చుని, ముందుకాళ్లు మార్చి మార్చి తొక్కుతూ సన్నగా మూలిగింది. దిగలేదు.

"వదిలెయ్ బావా, పోతే పోయింది," అన్నాడు సపర్గాలి.

ఒర్మాన్‌బెత్ బూట్లు విప్పాడు. దూది కోటు విప్పి రెల్లు మీద వేశాడు. కాళ్లతో మంచు పెచ్చును పగలగొట్టుకుంటూ, మోకాళ్ల లోతు, నడుము లోతు, ఛాతీ లోతు దిగి, బాతు వైపు ఈదాడు.