నాంట్‌హెలిగ్ హాలు మెన్నా

మా నాంట్‌హెలిగ్ ఊళ్ళో ఇంటిపేర్లతో పని జరగదు. సగం ఊరు ప్రాసర్లు, మిగతా సగం బెవన్లు. అందుకని మనిషిని చేసే పనిని బట్టి పిలుస్తాం. నేను రొట్టెల మార్గెడ్‌ని. మా కొట్టు మూతబడి ఎన్నేళ్ళయినా రొట్టెల మార్గెడ్‌నే. ఉత్తరాలు పంచిన ఇద్రిస్ బెవన్ టపా ఇద్రిస్. మెన్నా ప్రాసర్ మాత్రం ఏ పనీ చేతకాని పసిగుడ్డుగా ఉన్నప్పటినుంచే హాలు మెన్నా. ఎందుకంటే పుట్టిందే మున్సిపల్ హాలు వెనక ఉన్న రెండు గదుల్లో. గనిలో ఊపిరితిత్తులు పాడైన వాళ్ళ నాన్నకి హాలు కాపలా పని ఇచ్చారు. ఆయన పోయాక ఆ పనీ, ఆ గదులూ మెన్నాకి వచ్చాయి.

బొగ్గు తవ్వే రోజుల్లో మా తాతలు కూలిలో కోత పెట్టించుకుని కట్టుకున్న హాలు అది. మేడమీద కోర్టు, కింద కౌన్సిలు గది, పక్కన పెళ్ళిళ్ళూ పుట్టుకలూ రాసే గది, వెనక గ్రంథాలయం, నడిమధ్య ఊరంతా పట్టే సభాశాల. మా ఊరివాడు పుట్టాడని చెప్పుకోవడానికి అక్కడికే పోవాలి, పెళ్ళాడటానికి అక్కడికే పోవాలి, తాగి గొడవచేస్తే తలవంచుకుని నిలబడటానికీ అక్కడికే. గని పేలినప్పుడు పైకి తెచ్చిన శవాలని సభాశాల నేలమీదే వరసగా పడుకోబెట్టారు. పెద్ద సమ్మెలో ఊరందరికీ అక్కడే వండారు. మాంసం లేని కావ్ల్ పులుసు, అంటే దుంపలూ ఉల్లికాడలూ నీళ్ళూ. మెన్నా అప్పుడు వయసులో ఉంది. గంగాళం పక్కన నిలబడి, తిట్టే నోటికీ పొగిడే నోటికీ ఒకేలా గరిటె అందించేది.

ఆమె పెళ్ళి కూడా ఆ హాల్లోనే. ముందు గుమ్మంలోంచి పెళ్ళికూతురై బయటికొచ్చి, భవనం చుట్టూ తిరిగి, వెనక గుమ్మంలోంచి కాపురానికి వెళ్ళింది. మేం పగలబడి నవ్వాం. గని మూసేశాక మొగుడు కేరి ఇంగ్లండులో పని చూసుకుని, ఆమెనీ అక్కడికి రమ్మన్నాడు. "హాలెవరు చూస్తారు?" అంది. అతను కొన్నాళ్ళు ఎదురుచూసి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ కబురు తెలిసిన రోజు కూడా మెన్నా సభాశాలలో కుర్చీలు సర్దుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక భవనం కోసం మొగుణ్ణి వదులుకునే మనిషిని ఏమనాలి?

తర్వాత ఒక్కొక్కటీ పోయాయి. కోర్టుని పెద్ద ఊరికి మార్చారు. పెళ్ళిళ్ళ గదిని మార్చారు. మా కౌన్సిలుని జిల్లా కౌన్సిలులో కలిపేశారు. గ్రంథాలయం పుస్తకాలని లారీలో వేసుకుపోయారు. మిగిలింది వారానికోసారి మా గానబృందం సాధన, లేనివాళ్ళకి సరుకులు పంచే బల్ల. అయినా మెన్నా రోజూ అన్ని గదులూ తుడిచేది.

"ఖాళీ కోర్టు ఎవరికోసమే తుడుస్తావు?" అని అడిగాను ఒకసారి.

"ఖాళీ అయింది గాని ఎక్కడికీ పోలేదుగా" అంది.

చివరికి హాలునే అమ్మేస్తున్నారని తలుపుకి కాగితం అంటించారు. కొనేవాడు లోపలంతా పగలగొట్టి అపార్టుమెంట్లు కడతాడట. అంతకుముందు ఊళ్ళో ఒక సభ పెడతారు. ఊరివాళ్ళు లేచి నోటితో చెప్పిన అభ్యంతరాలని అధికారి రాసుకుంటాడు. అభ్యంతరాలుంటే విషయం మళ్ళీ జిల్లా కౌన్సిలు ముందుకు పోవాలి. లేకపోతే అమ్మకం ఖాయం. మెన్నా జిల్లా కౌన్సిలు జీతగత్తె కాబట్టి ఆమె మాట చెల్లదు.

అంతే, మెన్నా మా గుమ్మాల మీద పడింది. మా ఊళ్ళో ఇళ్ళన్నీ కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పితో అవన్నీ ఎక్కింది. టపా ఇద్రిస్ ఇంటికి వెళ్ళినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. గానబృందాన్ని నడిపించేది అతనే.

"ఇద్రిస్, నువ్వు సమ్మె వంటల గురించి చెప్పాలి" అంది.

"చెప్తాలేవే. అది తెలీనివాడెవడు?"

"వచ్చే అధికారికి తెలీదు. లేచి నిలబడి, పేరు చెప్పి, 'హాలు అమ్మడం మాకిష్టం లేదు' అనాలి. ఆ ముక్క నోట్లోంచి రావాలి."

"ఇంత చిన్నమాటకి ఇన్ని మెట్లెక్కి వచ్చావా తల్లీ?"

"నీ సంగతి తెలిసే వచ్చాను."

సభ ఆ హాల్లోనే పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. చర్చికి రానివాళ్ళు కూడా చర్చి బట్టలేసుకుని వచ్చారు. అధికారి పేరు లాంగ్‌ఫర్డ్, బక్కపలచని కుర్రాడు, ఇంగ్లీషువాడు, మర్యాదస్తుడు. సభకి గంట సమయమే ఉందని చెప్పి, "ఎవరైనా మాట్లాడతారా?" అని అడిగాడు.

మొదట లేచింది ముసలి ఎమ్లిన్. పేలుడులో పోయిన వాళ్ళ నాన్నని పడుకోబెట్టింది ఆ నేలమీదే. అది చెప్పాలని మెన్నా అతని చేత ఇంట్లో వల్లె వేయించింది. ఎమ్లిన్ పేరు చెప్పాడు. "మా నాన్న..." అన్నాడు. కిందికి, నేలవైపు చూశాడు. అంతే. గడ్డం వణుకుతోంది గాని మాట రాదు.

మావాళ్ళు మనిషిని అలా వదిలెయ్యరు. ఎవరికైనా మాట రాకపోతే పాట అందిస్తారు. అది మా అలవాటు, మా జబ్బు కూడా. వెనక వరసలోంచి ఎవరో సన్నగా కీర్తన ఎత్తుకున్నారు. ఆనాడు ఆ శవాల మధ్య నిలబడి పాడిన కీర్తనే. రెండో చరణానికి సభంతా లేచి నిలబడింది. ఇద్రిస్ ముందుకొచ్చి కళ్ళు మూసుకుని చెయ్యెత్తాడు. గొంతులు నాలుగు పాయలుగా విడివడి, మళ్ళీ కలిసి, పైకప్పు అదిరిపోయింది. నేనూ పాడాను. పాడకుండా ఎలా ఉంటాం?

మావాళ్ళకి పూనకం వస్తే చివరి చరణాన్ని ఒక పట్టాన వదలరు. అయిపోయిందనుకున్నప్పుడల్లా ఇద్రిస్ మళ్ళీ చెయ్యెత్తుతాడు. అదయ్యాక ఇంకో కీర్తన, దాని తర్వాత ఇంకోటి. మెన్నా వరసల మధ్య పరిగెడుతోంది. ఒక్కొక్కరి భుజం పట్టుకుని ఊపుతోంది. "ఆపండర్రా! మాట్లాడండి! టైమైపోతోంది!" అని అరుస్తోంది. మగాళ్ళ మంద్రస్వరం కింద ఆ అరుపు ఎవరికి వినబడుతుంది? వినబడ్డవాళ్ళం కూడా, దేవుడి పాట నడుమ నోరు మూస్తామా? ఆమె చెయ్యి నిమిరి, కళ్ళు తుడుచుకుని, పాడాం.

పాట ఆగేసరికి గంటా అయిపోయింది. లాంగ్‌ఫర్డ్ చెంపలు తడిగా ఉన్నాయి.

"నా జీవితంలో ఇలాంటిది వినలేదండీ" అన్నాడు. "ఒక భవనానికి ఇంత అందంగా వీడ్కోలు చెప్పడం నేనెక్కడా చూడలేదు. మీ అందరికీ నా కృతజ్ఞతలు."

"వీడ్కోలు కాదు బాబూ! వీళ్ళకి ఇష్టం లేదు, రాసుకో!" అని మెన్నా అతని చెయ్యి పట్టుకుంది.

"మీరు మా ఉద్యోగి కదమ్మా" అన్నాడు నొచ్చుకుంటూ.

ఆమె గిరుక్కున తిరిగి ఇద్రిస్ కోటు పట్టుకుంది. "ఇప్పుడైనా చెప్పు. ఒక్క ముక్క. నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఇద్రిస్ ముఖం వెలిగిపోతోంది. "చెప్పాం కదే" అన్నాడు. "ఇంతకన్నా ఏం చెప్తాం?"

అధికారి సంచీ సర్దుకున్నాడు. అభ్యంతరాలేమీ రాలేదని రాసుకున్నాడు. అబద్ధం రాయలేదు పాపం. మావాళ్ళు మాత్రం కొండ ఎక్కుతూ ఒకటే సంబరం. "చూశావా, కుర్రాడు ఏడ్చేశాడు! ఇంక హాలు జోలికి రారులే!"

వసంతానికల్లా మేడమీది కోర్టుమెట్లు పీకేశారు. మెన్నాకి పక్క ఊళ్ళో ఒంటి గది ఇచ్చారు. చూడ్డానికి వెళ్తే టీ ఇచ్చేది. హాలు మాట ఎత్తేది కాదు, మమ్మల్ని తిట్టేదీ కాదు. తిడితే బావుండేది. తుడవడానికేమీ లేక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. రెండో చలికాలంలో పోయింది.

అంత్యక్రియలకి ఊరంతా వెళ్ళాం. గానబృందం నల్లకోట్లలో ముందు వరసలో నిలబడింది. పాస్టరు లేచి, కాస్త ఇబ్బందిపడుతూ, మెన్నా చివరి కోరిక ఒకటుందని చెప్పాడు. ఎవరూ పాడకూడదట. పాట లేని చావు మా లోయలో నేనెరిగి ఒక్కటీ లేదు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఎవరైనా ఆమె గురించి రెండు మాటలు చెప్తారా?" అని పాస్టరు అడిగాడు.

చాలాసేపు చూశాడు. ఎవరూ లేవలేదు. ఇద్రిస్ టోపీని చేతుల్లో నలుపుతున్నాడు.

"లేవరా" అన్నాను మెల్లిగా.

"పాడొద్దంటే ఎలాగే మార్గెడ్?" అన్నాడు. ముసలాడు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. "నాకు మాటలు రావే."

పాస్టరు పుస్తకం మూసేశాడు.